సంఘములో కలిసి నేర్చుకొనుట

మన చేనేత సంఘములు ముఖ్యముగా మూడు పనుల కొరకు ఏర్పడినవి. నూలు తెచ్చి యిచ్చుట, కూలి నిర్ణయించి పంచుట, నేసిన బట్టను అమ్మిపెట్టుట. ఈ మూడింటికిని పుస్తకములు గలవు, పద్దులు గలవు, ఏటేటా తనిఖీ గలదు. నాలుగవ పని మరియొకటి యున్నది. సంఘములోని వారు ఒకరినుండి యొకరు పనిని, లెక్కను, వ్యవహారమును నేర్చుకొనుట. దీనికి పద్దు లేదు. అందుచేత ఈ సంవత్సరము జరిగినదా లేదా యని సర్వసభ్య సమావేశములో అడుగువారును లేరు.

అడుగకపోయినందువలన వచ్చు నష్టము ఒకనాడు కనబడును. ఇరువదియేండ్లు పనిచేసిన గుమాస్తా యొకరు విశ్రాంతి తీసికొనిరనుకొందము. ఏ మిల్లు నూలు ఏ అచ్చులో ఆగును, ఏ వర్తకుడు డబ్బు జాప్యము చేయును, రాయితీ కాగితములు ఏ నెలలో ఏ కార్యాలయమునకు పంపవలెను, బ్యాంకువారు ఏ పత్రము తప్పక అడుగుదురు, ఇదంతయు ఆయన తలలో నున్నది. పాలకవర్గమువారు మగ్గము మీది మనుషులు. చూపిన చోట సంతకము చేసినారే గాని చూపినది చదువలేదు. ఆయన వెళ్లిన ఆరు నెలలకు నాసి నూలు వచ్చును, రావలసిన రాయితీ గడువు దాటిపోవును, పని ఆగును. పని ఆగిన మగ్గము ఊరకుండదు గదా. సావుకారు గుమ్మమునకు పోవును. సంఘము బోర్డు మాత్రము గోడకు వ్రేలాడుచుండును.

ఇది చేనేత సంఘములకే గాక, లాభాపేక్ష లేకుండ నడచు సంస్థలన్నింటికిని, కుల సంఘములకు, విద్యార్థి వసతి గృహములకు, గ్రంథాలయములకు గూడ వర్తించును. సహకార సంఘము మిగులును సభ్యులకు పంచును గదా, అది లాభాపేక్ష లేనిదెట్లగునని కొందరు వాదింతురు. ఆ వాదము ఇక్కడ మనకు పనిలేదు. యజమాని ఒక్కడు గాక సభ్యులందరు యజమానులుగా నున్న చోట, పని తెలిసినవాడు మాత్రము ఒక్కడే యైనచో, అది పేరునకు సంఘము, నిజమునకు వాని దుకాణము. ఆయన ధర్మాత్ముడైనను ఈ మాట మారదు.

ఈ సంగతిని తొలినాడే గట్టిగా పట్టుకొన్నవారిలో నేతవారుండుట మనకు సంతోషము. ఇంగ్లండులో మాంచెస్టరుకు సమీపమున రాచ్‌డేల్ అను ఊరు గలదు. 1844 డిసెంబరు 21వ తేదీన అక్కడి టోడ్ లేన్ అను వీధిలో 28 మంది సభ్యుల సంఘమొకటి చిన్న అంగడి తెరచినది. వారిలో ఫ్లానెల్ అను ఉన్ని బట్ట నేయువారు పలువురు. వారమునకు రెండు పెన్నీల చొప్పున కూడబెట్టిన మూలధనము 28 పౌనులు. అమ్మినవి వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు. ఇది ఆ ఊరిలో మొదటి ప్రయత్నము కాదు. 1833లో అదే వీధిలో తెరచిన సహకార అంగడి యొకటి అరువులిచ్చి యిచ్చి 1835లో మూతపడినది. ఆనాటివారిలో కొందరు దీనిలోను చేరిరి. అరువు లేదు, రొక్కమే యను నియమమును వారు ఏ పండితుని వద్దను నేర్వలేదు. తమ వీధిలోనే చూచిన నష్టమును పదిమంది కూర్చొని విచారించి నేర్చిరి. అంగడి నిలద్రొక్కుకొన్న పిమ్మట మేడమీద పఠన మందిరము, గ్రంథాలయము పెట్టిరి. 1850ల నాటికి మిగులులో నూటికి రెండున్నర విద్యకొరకు తీసి యుంచుట నియమమైనది. నేడు ప్రపంచములోని సహకార సంఘములు అంగీకరించిన ఏడు సూత్రములలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారము. దాని మూలము ఆ మేడమీది గదిలో నున్నది.

రెండవ యుదాహరణము జాలరులది. మనకు ఇది ఇంకను దగ్గరగా తోచును. కెనడా దేశపు తూర్పు తీరమున నోవా స్కోషియా యను రాష్ట్రములో వర్తకుడు జాలరికి వలలు, వెచ్చములు అరువిచ్చి, పట్టిన చేపను తాను చెప్పిన ధరకు తీసికొనుచుండెను. వలకు బదులు నూలు, చేపకు బదులు చీర యని చదివినచో మన కథయే. అక్కడి ఆంటిగోనిష్ పట్టణములోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయము 1928లో ఊళ్లకు విద్య తీసికొనిపోవు శాఖ నొకదానిని స్థాపించినది. దానిని నడిపినవాడు మోజెస్ కోడీ యను మతగురువు. ఆయన పద్ధతి యిది. ఊరిలో మొదట పెద్ద సభ జరుగును. సభ ముగియగనే ఊరివారు చిన్న చిన్న జట్లుగా విడిపోవుదురు. ఒక్కొక్క జట్టు వారమునకొకసారి ఎవరో యొకరి వంటయింటిలో దీపము చుట్టు కూర్చొనును. విశ్వవిద్యాలయము చిన్న కరపత్రములు పంపును. చదువు వచ్చినవాడు చదువును, తక్కినవారు విని మాటలాడుదురు. మన చేప ఎక్కడికి పోవుచున్నది, అక్కడ ఏ ధర పలుకుచున్నది, నడుమ మిగులు ఎవరికి చేరుచున్నది, ఇట్టివే వారి ప్రశ్నలు. ఆ కూర్చొనుటలనుండి పొదుపు సంఘములు, ఎండ్రరొయ్యలను డబ్బాల కెక్కించు సహకార కర్మాగారములు పుట్టినవి. 1930లో జాలరుల సమాఖ్య యేర్పడినది. 1959లో ఆయన పేర స్థాపింపబడిన విద్యాసంస్థకు మన దేశమునుండియు పనివారు పోయి చదివి వచ్చుచున్నారు.

ఇందులో మనము గమనింపవలసినది, సభ వారికి వాకిలి మాత్రమే. మనవారు వాకిటిలోనే పూలమాలలు వేసి, ఉపన్యాసము విని, కాఫీ త్రాగి ఇండ్లకు పోవుదురు. శిక్షణ తరగతి యన్నను మనకు అదే రూపము. పట్టణమునుండి అధికారి వచ్చును, మూడు దినములు చెప్పును, హాజరు పట్టీలో సంతకములు తీసికొనును. చెప్పినది మంచిదే కావచ్చును. కాని నాలుగవ దినమున మగ్గము వద్ద సందేహము వచ్చినచో అడుగుటకు ఎవరున్నారు? ప్రక్క మగ్గమువాడే యున్నాడు. ఆ ప్రక్క మగ్గమువానికి తెలిసినదానిని సంఘమునకు తెలియునట్లు చేయుటయే మన విషయము.

మన దేశములో దీనికి మంచి యుదాహరణములు లేకపోలేదు. 1956 మొదలు అఖిల భారత చేనేత బోర్డు క్రింద, పుపుల్ జయకర్ గారి పూనికతో వీవర్స్ సర్వీస్ సెంటర్లు వెలసినవి. వీనిలో చిత్రకారుని, రంగులవానిని, నేతవానిని ఒక్క కప్పు క్రింద కూర్చుండబెట్టిరి. కె.జి. సుబ్రహ్మణ్యన్, ప్రభాకర్ బర్వే వంటి పేరుపొందిన చిత్రకారులు ఈ కేంద్రములలో పనిచేసినవారే. కాగితముమీద గీచిన తీగ మగ్గముమీద ఎక్కడ విరుగునో చెప్పగలవాడు నేతవాడు. పాత బుట్టాను క్రొత్త రంగులలో చూడగలవాడు చిత్రకారుడు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? పూటపూటకు మారుచుండును. ఆ బోర్డు 2020లో రద్దయినది గాని కేంద్రములు పనిచేయుచునే యున్నవి. ఇవి గాక వారణాసి, సేలం, మన వెంకటగిరి మొదలగు చోట్ల చేనేత సాంకేతిక విద్యాలయములు గలవు. వెంకటగిరి విద్యాలయమునకు ప్రగడ కోటయ్య గారి పేరు పెట్టుట యుచితముగా నున్నది. అయితే అవి పరీక్ష ప్యాసైన పిల్లలకు. నలుబదియైదేండ్ల నేతగాడు పడుగు దించి మూడేండ్లు చదువబోడు. అతని పాఠశాల అతని వీధిలోనే యుండవలెను.

గుట్టు మాట

ఇక్కడ ఒక అడ్డంకిని దాచక చెప్పుకొనవలెను. మన వృత్తిలో గుట్టు గలదు. ఒక యింట ఎరుపు రంగు ఉతుకులకు నిలుచును, ప్రక్కయింట నిలువదు. ఒకరి గంజి పోగును బిగించును గాని పెళుసుచేయదు. దానిని తండ్రి కొడుకునకు చెప్పును, కొందరు అల్లునికి గూడ చెప్పరు. సంఘములో కూర్చొని యందరికిని చెప్పుమన్నచో, రేపు వాడే నాకు పోటీ వచ్చును గదా యను భయము న్యాయమైనదే. దీనిని స్వార్థమని నిందించి లాభము లేదు. ఆ గుట్టే ఆ యింటి భూమి, ఆ యింటి బంగారము.

నా అభిప్రాయములో రెండు విధములు విడదీయవలెను. ఇంటివారు కనిపెట్టిన బుట్టా, రంగుల పాళ్లు వారివి. వారంతట వారు చెప్పిననే వినవలెను. చెప్పినచో సంఘము తగిన పారితోషికమిచ్చి, ఎవరు నేర్పినది పుస్తకములో వ్రాయవలెను. కాని నూలు లెక్క, కూలి లెక్క, చట్టము, బజారు ధర, బట్టలో వచ్చు దోషములకు కారణములు, వీనిలో గుట్టు లేదు. ఉన్నదని చెప్పువాడెవడైన నున్నచో, ఆ గుట్టువలన లాభపడువాడు అతడే యని యనుమానింపవచ్చును. కలిసి నేర్చుకొనుట ఈ రెండవ విధముతో ప్రారంభించినచో ఎవరికిని భయముండదు. కొంతకాలము గడచిన పిమ్మట మొదటిది కొంత తనంతట వచ్చును.

ఒక సాయంకాలపు లెక్క

మాటలకంటె ఉదాహరణము మేలు. ఎనిమిది మంది కూర్చొన్నారు. ప్రశ్న ఒక్కటే. నూలు తరుగు క్రింద కూలిలో కోత పడుచున్నది, ఎందుకు? ముందర త్రాసు, ఒక చీర, కాగితము, పోగులు లెక్కించు అద్దము ఉన్నవి.

పది చీరల పడుగు తీసికొందము. చీరకు 6 గజములు, మొత్తము 60 గజముల బట్ట. అచ్చులో వెడల్పు 48 అంగుళములు, అంగుళమునకు పడుగు 80 పోగులు, పేక 72 పోగులు. రెండును 80వ నంబరు నూలు. నంబరు అనగా పౌను బరువులో ఎన్ని చిలపలున్నవో ఆ సంఖ్య. చిలపకు 840 గజములు. నేటికిని నూలు కట్ట 4.54 కిలోలుండుట, అది పాత 10 పౌనుల కట్ట యగుటచేతనే.

పడుగు పోగులు 48ని 80తో హెచ్చింప 3,840. నేతలో కుదింపునకు, మొదట చివర మగ్గము మీద మిగులు ముక్కలకు కలిపి పడుగు 66 గజములు పోసిరి. మొత్తము 2,53,440 గజములు, అనగా సుమారు 302 చిలపలు, బరువు సుమారు 1 కిలో 710 గ్రాములు. పేకలో గజము బట్టకు 2,592 పోగులు పడును. పోగొక్కటికి గజమున్ పావుకంటె కొంచె మెక్కువ, సరిగా చెప్పవలెనన్న గజమున్ మూడవవంతు. అరువది గజములకు 2,07,360 గజముల నూలు. 247 చిలపలు, సుమారు 1 కిలో 400 గ్రాములు. రెండును కలిసి 3 కిలోల 110 గ్రాములు. చీర యొక్కటికి 311 గ్రాములు.

గుమాస్తా ఈ లెక్క ప్రకారము పేక నూలు 1 కిలో 400 గ్రాములు తూచి యిచ్చినాడు. లెక్క తప్పు లేదు. అయినను నేతగానికి తక్కువ పడినది. ఎందుకనగా కండెలపై మిగులు తునకలకు ఈ లెక్కలో చోటు లేదు. నూటికి రెండుపాళ్లు వృథా యనుకొన్నను 28 గ్రాములు. అంతతో ఆగలేదు. అద్దముతో లెక్కింపగా ఒకని చీరలో అంగుళమునకు 72 కాక 74 పేక పోగులున్నవి. దిట్టముగా నేసినాడు. ఆ రెండు పోగులకు 39 గ్రాములు. మొత్తము 67 గ్రాములు తక్కువ. పలుచగా 70 వేసినవానికి నూలు మిగిలినది, కోత పడలేదు. అనగా మంచిగా నేసినవాడే దండుగ కట్టుచున్నాడు.

ఈ ముక్క ఏ అధికారి ఉపన్యాసములోను రాదు. గుమాస్తాకు లెక్క తెలియును గాని మగ్గము తెలియదు. నేతగానికి మగ్గము తెలియును గాని లెక్క తెలియదు. ఇరువురు ఒక చీరను ముందు పెట్టుకొని కూర్చొన్నప్పుడే అది బయటపడును. పిమ్మట పాలకవర్గము వృథాకు ఇంత యని నిర్ణయించి, కోతకు ముందు పోగులు లెక్కింపవలెనని తీర్మానము చేయవచ్చును. ఈ పద్ధతినే కూలి రేట్లకు, గంజి ఖర్చుకు, అమ్ముడుపోని నిలువకు వాడవచ్చును. ఒక సాయంకాలమునకు ఒక ప్రశ్నయే. రెండవ ప్రశ్న వచ్చినచో వ్రాసి వచ్చే వారమునకు ఉంచవలెను. అధ్యక్షుడు ఎల్లప్పుడు ఒక్కరే కాకుండ వంతుల వారీగా నుండుట మంచిది. పెద్దలు ముందుగా మాటలాడినచో పిన్నలు నోరు విప్పరు గనుక, పిన్నలను ముందు అడుగవలెను. ఇది మన మర్యాదకు విరుద్ధమని కొందరు పెద్దలకు కోపము రావచ్చును. ఒక నెల ఓర్చుకొన్నచో వారికే దీని ఫలము కనబడును.

మన ప్రత్యేక కష్టము

ఆంధ్ర తెలంగాణములకు వెలుపల నున్న మనకు ఇంకొక చిక్కు గలదు. షోలాపురములో సంఘపు కాగితములు మరాఠీలో, కాంచీపురములో తమిళములో, బళ్లారిలో కన్నడములో, బరంపురములో ఒరియాలో నుండును. పై కార్యాలయములనుండి వచ్చునవి కొన్ని ఇంగ్లీషులో. ఇంటిలో తెలుగు, మగ్గము వద్ద తెలుగు. పడుగు, పేక, అచ్చు, నాడె, కండె యను మాటలు ముసలివారి నోట నున్నవి. వారు నియమావళి చదువలేరు. బడిలో రాష్ట్ర భాష చదివిన మనుమలు నియమావళి చదువగలరు గాని అచ్చును, నాడెను పేర్లతో గుర్తింపలేరు. ఇరువురిలో సగము సగము విద్య యున్నది.

కలిసి కూర్చొనుట ఇక్కడ రెండింతలు ఉపయోగము. మనుమడు నియమావళిలో ఒక నిబంధన రాష్ట్ర భాషలో చదివి తెలుగున అర్థము చెప్పవలెను. తాత దానికి అనుభవములోని సంగతి చెప్పవలెను. ఓటు హక్కు ఎప్పుడు పోవును, వాటా ధనము ఎట్లు తిరిగి వచ్చును, ఈ రెండు నిబంధనలు చదివిన దినమున సమావేశమునకు జనము ఎక్కువ వత్తురు. ఆ పిమ్మట చేనేతకు కొన్ని రకముల బట్టలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టమును చదువవచ్చును. దానిలో మొదట 22 రకములుండెను, నేడు 11 మిగిలినవి. అవి ఏవో మన వీధిలో ఎందరికి తెలియును? భౌగోళిక గుర్తింపు చట్టము 1999 నాటిది. షోలాపురపు చద్దరుకు, కంచి పట్టుకు, బరంపురము పట్టుకు ఆ గుర్తింపు వచ్చినది. కాని ఊరికి గుర్తింపు వచ్చిన మాత్రమున సరిపోదు. నేయువారు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేయించుకొనవలెను. ఈ ముక్క తెలియక, మన ఊరి పేరుతో మరియొకరు అమ్ముకొనుచుండగా చూచుచు కూర్చొన్నవారున్నారు.

స్త్రీల విషయము మరవరాదు. 2019-20 చేనేత గణనలో దేశమందలి చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలని తేలినది. మన సంఘముల సభ్యత్వ పట్టీ తీసి చూడుడు, ఆ పాళ్లు కనబడునా? కండెలు చుట్టునది ఆమె, గంజి కాచునది ఆమె, చాలచోట్ల నేయునదియు ఆమె. పైన చెప్పిన 28 గ్రాముల వృథాను తగ్గించు ఉపాయము కండె చుట్టు చేతికే తెలియును. రాత్రి ఎనిమిదింటికి సంఘ కార్యాలయములో సమావేశము పెట్టి స్త్రీలు రాలేదనుట సరికాదు. మధ్యాహ్నము వంట ముగిసిన వేళ, ఒక యింటి మగ్గపు కొట్టములో పెట్టినచో వత్తురు. నోవా స్కోషియావారు వంటయింటిలో కూర్చొనుటలో ఈ సౌకర్యము గూడ నుండెను.

ఖర్చు మాట. ఇందులకు ఖర్చు స్వల్పము. ఒక త్రాసు, ఒక అద్దము, ఒక పుస్తకము, టీ. ఒకటికంటె ఎక్కువ రాష్ట్రములలో పనిచేయు సహకార సంఘములు 2002 నాటి చట్టము ప్రకారము నికర లాభములో నూటికి ఒక వంతు సహకార విద్యా నిధికి ఈయవలెను. ఆ నిధి మునుపు జాతీయ సహకార యూనియన్ వద్ద నుండెను. కొన్ని రాష్ట్రముల చట్టములలో గూడ ఇట్టి నిధి గలదు. కట్టుచున్న సంఘములు చాల యున్నవి. కట్టినదానికి మాకేమి తరగతులు వత్తురని వ్రాసి అడిగిన సంఘములు తక్కువ. అడుగుట హక్కు. అడుగునప్పుడు, ఫలానా విషయము, ఫలానా భాషలో, మా ఊరిలోనే కావలెనని స్పష్టముగా వ్రాయవలెను. వారమువారము కూర్చొను సంఘమే అట్లు వ్రాయగలదు. తనకేమి తెలియదో దానికి తెలియును గనుక.

పుస్తకము సంగతి యొకటి. ప్రతి సమావేశమునకు అరపుట చాలును. తేదీ, ప్రశ్న, తేలినది, తేలనిది, ఎవరు చెప్పినది. తెలుగులో వ్రాయవలెను. తెలుగు లిపి రాని పిల్లలు వ్రాసినచో రాష్ట్ర లిపిలోనైనను తెలుగు మాటలే వ్రాయవచ్చును, తప్పులేదు. పుస్తకము గుమాస్తా బీరువాలో గాక అందరికి అందు చోట నుండవలెను.

ఇక కాలము. దసరా దీపావళులకు ముందు ఎవరిని పిలిచినను రారు, రానక్కర లేదు. ఆ నెలలలో మగ్గము ఆగరాదు. వానకాలము మనకు అనుకూలము. గుంట మగ్గములలో తేమ యూరును, వీధిలో పడుగు సాచి గంజి పెట్టుటకు వీలుండదు, చేతులు ఊరకుండును. జూలై ఆగస్టు నెలలలో వారమునకొక సాయంకాలము చొప్పున ఎనిమిది సాయంకాలములు దొరకును. మొదటి సాయంకాలమునకు నూలు తరుగు లెక్కనే పెట్టుకొనవచ్చును, త్రాసు సంఘములో నెట్లును ఉన్నది.